ఉదయ్‌పూర్‌లో ఎన్ని సాయంకాలాలు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. దసరా సెలవుల్లో నేను, మావారు, పదేళ్ళ మా అమ్మాయి, డెబ్బై దాటిన మా అత్తగారు కలిసి రాజస్థాన్ వెళ్ళాలనుకుంటున్నాం. మొత్తం ఏడు రాత్రులు. నాకు ఉదయ్‌పూర్‌లో స్థిమితంగా ఉండాలని ఉంది. మావారేమో, ‘రోజూ సముద్రం చూసేవాళ్ళం, చెరువు చూడడానికి అంతదూరం వెళ్ళి అన్నాళ్ళు కూర్చోవడమేమిటి’ అంటూ ఆ ఊరికి రెండు రాత్రులు, జోధ్‌పూర్‌కు రెండు, జైపూర్‌కు మూడు పంచేశారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. నాథ్‌ద్వారా దర్శనం ఆవిడ చిరకాల కోరిక. మేము హైదరాబాద్‌లో విమానం మారి ఉదయ్‌పూర్ చేరేసరికి సాయంత్రం నాలుగు దాటుతుంది. అసలు ఆ ఊళ్ళో ఎన్నాళ్ళుంటే సరిపోతుంది?

సమాధానం: ఉదయ్‌పూర్‌కు నాలుగు రాత్రులు ఇవ్వండి, జైపూర్‌ను ఈసారికి వదిలేయండి. నా జవాబు ఇంతే. కాని దీనికి మీవారు ఒప్పుకోవాలి కాబట్టి కారణాలు కొంచెం విడమరచి చెబుతాను.

మీవారి లెక్క తప్పని నేను అనను. జాబితా ముందు పెట్టుకుని చూస్తే ఉదయ్‌పూర్ రెండు పగళ్ళలో అయిపోయే ఊరే. సిటీ ప్యాలెస్, దానికి కూతవేటు దూరంలో 1651లో పూర్తయిన జగదీశ్ ఆలయం, సహేలియోం కీ బాడీ అనే ఫౌంటెన్ల తోట, పిచోలా చెరువులో ఒక పడవ షికారు, ఫతేసాగర్ అనే మరో చెరువు గట్టు మీద ఒక చుట్టు... ఆటో మాట్లాడుకుని పొద్దున తొమ్మిదింటికి బయలుదేరితే మర్నాడు మధ్యాహ్నానికి అన్నీ చూసేశామనిపించుకోవచ్చు. ఆయన స్థలాలను లెక్కపెట్టారు. నీటి ఒడ్డున ఉన్న ఊరికి ఆ కొలత చాలదని విశాఖవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలు కైలాసగిరి, కురుసుర జలాంతర్గామి, రుషికొండ ఒక్క రోజులో చుట్టేసి ‘వైజాగ్ చూసేశాం’ అంటూ రాత్రి రైలెక్కితే మనం పైకి నవ్వి ఊరుకుంటాం గాని, ఆర్కే బీచ్ గోడ మీద ఒక్క గంటయినా ఊరికే కూర్చోనివాళ్ళు ఏం చూసినట్టని లోపల అనుకుంటూనే ఉంటాం. ఉదయ్‌పూర్‌కు వెళ్ళేటప్పుడు మనం ఆ చుట్టాలం కాకుండా చూసుకోవాలి. అందుకే అక్కడ ఎన్ని పగళ్ళు కావాలన్న ప్రశ్నను పక్కన పెట్టి, చెరువు గట్టున ఎన్ని సాయంకాలాలు దొరుకుతాయన్నది లెక్కపెట్టమంటున్నాను.

ఇందులో మన ఊరివాళ్ళకు ప్రత్యేకంగా పనికివచ్చే సంగతి ఒకటుంది. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గాని, దిగేటప్పుడు మన వీపు వెనక, మేడల చాటున, కొండల చాటున దిగిపోతాడు. నీటి మీదుగా పొద్దుగుంకడం మనకు రోజూ దొరికే దృశ్యం కాదు. ఉదయ్‌పూర్‌లో ఇది తలకిందులుగా ఉంటుంది. పిచోలా చెరువుకు తూర్పు ఒడ్డున రాజప్రాసాదం, పడమట ఆరావళి కొండలు. ప్రాసాదం వైపు నిలబడితే సూర్యుడు నీటిని దాటుకుని కొండల వెనక్కి వెళ్ళడం కనిపిస్తుంది. అవతలి ఒడ్డున అంబ్రాయి ఘాట్ మెట్ల మీద కూర్చుంటే సూర్యుడు కాదు, అతని వెలుతురు పడిన ప్రాసాదపు గోడ కనిపిస్తుంది. నాకు ఈ రెండోదే ఎక్కువ ఇష్టం. పగలంతా సున్నపు రంగులో నిస్తేజంగా ఉన్న అంత పొడవైన గోడ ఒక పావుగంట పాటు తేనె రంగుకు తిరుగుతుంది, ఆ తరువాత గులాబి వన్నె పట్టి, కొండ నీడ కింద నుంచి పైకి పాకుతుంటే బూడిద రంగైపోతుంది. ఇక అయిపోయిందని జనం లేచి దులుపుకునే వేళకు లోపల దీపాలు వెలుగుతాయి. ఒక్కొక్క కిటికీ నీళ్ళలోకి పొడుగ్గా సాగి, ఏదో పడవ దాటినప్పుడు ముక్కలై, మళ్ళీ అతుక్కుంటుంది. ఇదంతా జరగడానికి గంటన్నర పడుతుంది, దీన్ని త్వరపెట్టే మార్గం లేదు. దసరా రోజుల్లో అక్కడ మన ఊరికంటే అరగంట పైచిలుకు ఆలస్యంగా పొద్దుగుంకుతుందని గుర్తుంచుకోండి. విశాఖ అలవాటులో ఐదింటికే ఘాట్‌కు పరుగెత్తనక్కరలేదు.

మీవారు ‘చెరువు’ అన్నారని మీరు కొంచెం నొచ్చుకున్నట్టు ఉత్తరంలో ధ్వనించింది, కాని ఆయన అన్న మాట సరైనదే. పిచోలా ప్రకృతి ఇచ్చిన సరస్సు కాదు, 14వ శతాబ్దంలో ఒక బంజారా వర్తకుడు గట్టు కట్టించగా ఏర్పడిందని చెబుతారు. 16వ శతాబ్దంలో మహారాణా ఉదయ్ సింగ్ ఈ ఒడ్డున తన కొత్త ఊరిని కట్టుకుని చెరువును పెద్దది చేశాడు. 1568లో చిత్తోడ్ కోట అక్బరు వశమైన తరువాత మేవాడ్ రాజధాని ఇదే అయింది. ఫతేసాగర్ కూడా గట్టు కట్టి నిలిపిన నీరే. అంటే ఇవి వాన మీద ఆధారపడిన చెరువులు. బాగా కురిసిన ఏడాది దసరా నాటికి నిండుగా ఉంటాయి, వానలు ముఖం చాటేసిన ఏడాది వేసవికి అడుగు కూడా బయటపడుతుంది. ప్రయాణానికి పదిరోజుల ముందు మీ హోటల్‌కు ఫోన్ చేసి నీళ్ళెలా ఉన్నాయని అడగండి. నీరు బాగా తగ్గిందంటే నేను చెప్పిన నాలుగులోంచి ఒక రాత్రి తీసేసి జోధ్‌పూర్‌కు ఇవ్వవచ్చు.

సాయంకాలాల లెక్క నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. మొదటిసారి ఒక టూర్ల సంస్థ ద్వారా ‘రెండు రాత్రులు, మూడు పగళ్ళు’ అన్న మాట నమ్మి వెళ్ళాం. మొదటిరోజు చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. రెండోరోజు ప్యాలెస్, తోట, గుడి అన్నీ చకచకా చూపించి, సరిగ్గా సాయంత్రం ఐదున్నరకు, పది నిమిషాలే అంటూ మమ్మల్ని ఒక హస్తకళల దుకాణంలో దింపారు. అక్కడ కుర్చీలు వేసి, టీ ఇచ్చి, ఒక దుప్పటి తరువాత ఒకటి విప్పి పరిచారు. బయటికి వచ్చేసరికి వీధిదీపాలు వెలిగాయి. మూడోరోజు పొద్దున్నే అజ్మీర్ బస్సు. మూడు పగళ్ళలో ఒక్క సాయంకాలం కూడా చెరువు మొహం చూడలేదు. ఆ రోజు కొన్న దుప్పటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, రంగు మాత్రం వెలిసిపోలేదు, అంతవరకు న్యాయంగానే చెప్పాలి. నాలుగేళ్ళ తరువాత ఎవరి ప్యాకేజీ లేకుండా మళ్ళీ వెళ్ళి నాలుగు రాత్రులు ఉన్నాం.

మీలా సాయంత్రం దిగేవాళ్ళకు రాత్రులకు, సాయంకాలాలకు మధ్య ఒకటి తేడా వస్తుంది. మీ విమానం నాలుగు దాటాక దిగుతుంది. దబోక్‌లోని విమానాశ్రయం ఊరికి ఇరవై కిలోమీటర్ల పైన ఉంది. సామాను తీసుకుని, బసకు చేరి, అత్తగారు నడుం వాల్చి, అమ్మాయి ఏదో ఒకటి తినేసరికి చీకటి పడిపోతుంది. ఆ రోజును లెక్కలో వేయకండి. కాబట్టి మీవారి రెండు రాత్రుల్లో మీకు మిగిలేది ఒకే ఒక్క సాయంకాలం. ఆ పూట మబ్బు పట్టినా, పడవ టికెట్లు అయిపోయినా, పిల్లకు ఒళ్ళు వెచ్చబడినా ఇక మరొకటి ఉండదు. మూడు రాత్రులంటే రెండు. నాలుగంటే మూడు, అదీ నేను చెప్పేది.

ఆ మూడింటిలో ఒకటి పడవకు. సిటీ ప్యాలెస్ దిగువన రామేశ్వర్ ఘాట్ నుంచి నడిచే పడవలకు పొద్దుగుంకే వేళ టికెట్టు పగటికంటే ఎక్కువే, కాని ఒక్కసారికి అదే తీసుకోండి. చెరువు నడుమ 1746లో మహారాణా రెండవ జగత్ సింగ్ పూర్తి చేయించిన తెల్లని జగ్‌నివాస్ ఇప్పుడు హోటల్, అందులో బస చేసినవాళ్ళకు తప్ప ప్రవేశం ఉండదు. దాన్ని చుట్టివచ్చి చూస్తే చాలు, ఆ భవనం దూరం నుంచే అందంగా ఉంటుంది. రెండో సాయంకాలం గణగౌర్ ఘాట్‌కు వెళ్ళండి. పావురాలు గుంపులుగా వాలి లేస్తుంటాయి, మీ అమ్మాయికి కదలబుద్ధి కాదు. ఆ ఘాట్‌ను ఆనుకునే బాగోర్ కీ హవేలీ ఉంది. అక్కడ ఏడింటికి మొదలయ్యే గంటసేపటి నృత్య ప్రదర్శనలో తోలుబొమ్మల మాదిరి తెర బొమ్మలు కావు, దారాలతో ఆడించే కొయ్యబొమ్మలుంటాయి. చివరిలో ఒకావిడ నెత్తిమీద కుండ మీద కుండ పేర్చుకుంటూ భవాయి నృత్యం చేస్తుంది. చాలామంది నేలమీదే కూర్చుంటారు కాబట్టి అత్తగారి కోసం ముందే వెళ్ళి కుర్చీ సంపాదించండి. మూడో సాయంకాలానికి ఏ పనీ పెట్టుకోకండి. ఇది నేను పొరపాటున రాసిన వాక్యం కాదు. ఆ పూట అంబ్రాయి ఘాట్‌కు వెళ్ళినా సరే, ఫతేసాగర్ గట్టు మీద మొక్కజొన్న పొత్తు కొరుక్కుంటూ నడిచినా సరే. అక్కడి బొంబాయి మార్కెట్ బళ్ళ దగ్గర మన బీచ్ రోడ్డు మురీ మిక్చర్ దొరకదు, కోల్డ్ కాఫీ, పావ్ భాజీ దొరుకుతాయి. సజ్జన్‌గఢ్ కొండ మీది వర్షాకాలపు మేడ నుంచి సూర్యాస్తమయం చాలా గొప్పదంటారు. నిజమే, కాని ఆ వేళకు అక్కడ జనం, వాహనాల కోసం నిరీక్షణ ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్న మనిషితో నేనైతే వెళ్ళను. కొండ మీది నుంచి చూడాలన్న ముచ్చట ఉంటే దూధ్ తలాయీ దగ్గర కర్ణీమాత గుడికి రోప్‌వే ఉంది, మన కైలాసగిరి ఎక్కిన పిల్లకు అది వినోదమే.

ఇక పగళ్ళ సంగతి. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఉదయ్‌పూర్‌లో బస చేసి, పగలు కుంభల్‌గఢ్ కోట, రణక్‌పూర్ జైన ఆలయం చూసి రాత్రికి తిరిగి రావచ్చని అందరూ చెబుతారు. వచ్చేయవచ్చు, అరకు, బొర్రా గుహలు ఒక్క రోజులో చూసి విశాఖకు తిరిగి వచ్చినట్టు. ఆ ప్రయాణం మీరూ చేసే ఉంటారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కడుపు తిప్పుకుంటూ, రాత్రి పదింటికి ఇల్లు చేరి, కాఫీ తోటలు చూశామో కారు కిటికీ చూశామో తేల్చుకోలేక పడుకుంటాం. కుంభల్‌గఢ్ సుమారు 85 కిలోమీటర్లు, రణక్‌పూర్ 90 పైన, రెండూ కలిపితే రోజంతా. అన్నిటికీ మించి, మీరు ఇంత లెక్క వేసుకుని మిగుల్చుకున్న సాయంకాలాల్లో ఒకటి కారులోనే పోతుంది. చిత్తోడ్‌గఢ్ 115 కిలోమీటర్లు కాబట్టి దానికీ ఇదే మాట. అందుకని ఉదయ్‌పూర్‌లో ఉన్నన్నాళ్ళు ఊరు దాటకండి. కుంభల్‌గఢ్ కోటను, రణక్‌పూర్ గుడిని ఊరు వదిలే దారిలో పెట్టుకోండి.

మీ ప్రయాణంలో అది చక్కగా అమరుతుంది కూడా. ఐదోరోజు పొద్దున్నే సామానుతో సహా కారులో బయలుదేరితే 48 కిలోమీటర్ల దూరంలో నాథ్‌ద్వారా. అక్కడి శ్రీనాథ్‌జీకి, అంటే కృష్ణుడికి, రోజుకు ఎనిమిది దర్శనాలు. ఒక్కోసారి కొద్దిసేపే తలుపులు తెరుస్తారు, మళ్ళీ మూస్తారు, వేళలు రుతువును బట్టి, పండుగలను బట్టి మారుతుంటాయి. ముందురోజు రాత్రే మీ హోటల్‌వాళ్ళ చేత వేళలు కనుక్కోండి. సింహాచలంలో అప్పన్న నిజరూపానికి ఏడాది ఆగే అత్తగారికి అక్కడ గంట ఆగడం కష్టం కాదు. అయితే ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వరుసలు వేరు, తలుపులు తీయగానే తోపులాట ఉంటుంది. ఆవిడ పక్కన మీవారు ఉండలేరు, మీరే ఉండాలి. ఫోన్లు లోపలికి అనుమతించరు. ఆ స్వామి 17వ శతాబ్దంలో, ఔరంగజేబు కాలంలో, గోవర్ధనం నుంచి ఇక్కడికి తరలివచ్చాడనీ, ఆయనను కొలిచే పుష్టిమార్గమనే భక్తి సంప్రదాయాన్ని నెలకొల్పిన వల్లభాచార్యులు తెలుగు కుటుంబంలో పుట్టినవారేననీ దారిలో అత్తగారికి చెప్పండి. ఏకలింగ్‌జీ ఆలయం కూడా అదే రోడ్డు మీద, ఉదయ్‌పూర్‌కు 22 కిలోమీటర్లలో ఉంది. మేవాడ్ రాణాలు రాజ్యం ఆ శివుడిదని, తాము ఆయన దివాన్లమని చెప్పుకునేవారు. అక్కడా మధ్యలో తలుపులు మూస్తారు కాబట్టి దారిలో తెరిచి ఉంటే దిగండి, దానికోసం నాథ్‌ద్వారా వేళ తప్పించుకోకండి.

మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరితే సాయంత్రానికి కుంభల్‌గఢ్. ఆ రాత్రి కోట దగ్గరలోనే పడుకోండి. 36 కిలోమీటర్ల ప్రాకారం చీకట్లో దీపాలతో కొండల మీద వంకర్లు తిరుగుతుంటే చూడడం అక్కడ ఉండిపోయినవాళ్ళకే దక్కుతుంది. మర్నాడు పొద్దున మీరు ముగ్గురూ పైదాకా ఎక్కండి. 1540లో మహారాణా ప్రతాప్ పుట్టిన చోటు ఇదే. అత్తగారిని ఎక్కించకండి, దారి నిటారుగా ఉంటుంది. కింద గుళ్ళ దగ్గర నీడలో కూర్చోబెట్టవచ్చు. అక్కడి నుంచి అడవి దారిలో రణక్‌పూర్. జైనులు కానివారిని అక్కడి ఆలయంలోకి మధ్యాహ్నం పన్నెండు తరువాతే అనుమతిస్తారు కాబట్టి మీరు చేరే వేళ సరిగ్గా కుదురుతుంది. తోలు బెల్టు, తోలు సంచి కారులోనే వదలండి. 15వ శతాబ్దపు ఆ పాలరాతి మంటపాల్లో 1,444 స్తంభాలున్నాయంటారు. మీ అమ్మాయి లెక్కపెడతానంటుంది, పెట్టనివ్వండి, ఆలోగా మీరు కప్పు చూడవచ్చు. సాయంత్రం బయలుదేరితే రాత్రికి జోధ్‌పూర్. అక్కడ రెండు రాత్రులు, మొత్తం ఏడు.

జైపూర్ పేరు తీసేశానని మీవారు నొచ్చుకుంటారని తెలుసు. ఉదయ్‌పూర్ నుంచి జైపూర్ దాదాపు 400 కిలోమీటర్లు, జోధ్‌పూర్ 250. మూడు ఊళ్ళు ఏడు రాత్రుల్లో ఇరికిస్తే అత్తగారి మోకాళ్ళు గుళ్ళ మెట్ల మీద కంటే కారు సీట్లోనే ఎక్కువ నొస్తాయి. జైపూర్‌కు మరోసారి వేరుగా వెళ్ళవచ్చు.

మూడు పగళ్ళూ ఊళ్ళోనే ఎలా గడుపుతామని అడుగుతారేమో. మెల్లగా గడుపుతారు. సిటీ ప్యాలెస్‌ను తెరవగానే చూడండి. లోపల ఇరుకు మెట్లు, తలవంచుకునే గుమ్మాలు, ఒకవైపే సాగే దారి. గుంపు పెరిగాక వృద్ధులు మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడానికి చోటుండదు. జగదీశ్ ఆలయానికి ముప్పై పైగా నిటారు మెట్లున్నాయి కాబట్టి ప్యాలెస్, గుడి ఒకే పూట పెట్టకుండా రెండు రోజులకు పంచండి. నాలుగు రాత్రులు ఉంటే కలిగే సుఖమే ఇది: అత్తగారు ఒక పూట ‘నేను రాను, మీరు వెళ్ళిరండి’ అంటే ఎవరికీ ఏదీ తప్పిపోదు. మధ్యాహ్నం ఎండ దసరాకు ఇంకా చురుక్కుమంటుంది, ఆ రెండు గంటలు గదిలో నిద్రపోయినా నష్టం లేదు. ఒక పూట శిల్పగ్రామ్ అనే హస్తకళల పల్లె, ఒక పూట దాల్ బాటీ చూర్మా, అంతే. ఆ నేతి బాటీ తిన్నాక రాత్రి భోజనం అడగరు.

గది ఎక్కడ తీసుకోవాలన్నది మీరు అడగలేదు గాని, ఉండే రోజులకు దానికి సంబంధం ఉంది. లాల్ ఘాట్ చుట్టుపక్కల పాత హవేలీల్లో చెరువు కనిపించే గది దొరికితే, కిటికీ దగ్గరే ఒక సాయంకాలం అదనంగా కలిసివచ్చినట్టు. కాని ఆ సందుల్లో కారు గుమ్మం దాకా రాదు, చాలా ఇళ్ళకు లిఫ్టు ఉండదు, చెరువు కనిపించే గది ఎప్పుడూ పై అంతస్తులోనే ఉంటుంది. కింది అంతస్తు గది ఉందా, గుమ్మం దాకా ఆటో వస్తుందా అని అడిగి ఖాయం చేసుకోండి. లేదంటే ఫతేసాగర్ వైపు, లిఫ్టు ఉన్న హోటల్ చూసుకుని రోజూ సాయంత్రం ఆటోలో పిచోలాకు వెళ్ళండి. మీ ఇంట్లో పరిస్థితిని బట్టి నాకు ఈ రెండోదే మేలనిపిస్తోంది.

మీవారితో కలిసి ఇద్దరే వెళ్తున్నట్టయితే, అదీ పొద్దున పదింటికే దిగే విమానంలో అయితే, మూడు రాత్రులు చాలని రాసేవాణ్ణి. దిగిన రోజు సాయంకాలం కూడా చేతికొస్తుంది కాబట్టి. చిత్తోడ్ చూసి తీరాలన్న చరిత్రాభిమాని ఇంట్లో ఉంటే ఐదు. రెండు రాత్రులు ఎవరికి చాలునంటే, పనిమీద వెళ్ళి, ఆ పని సాయంత్రం నాలుగింటికి ముగిసేవాళ్ళకు.

తిరుగు టికెట్లు జైపూర్ నుంచి కాకుండా జోధ్‌పూర్ నుంచి చూడండి. దసరా సెలవులు అందరికీ ఒకసారే వస్తాయి గనుక ఈ వారంలోనే తీసుకుంటే మంచిది. సెలవులు కుదరక దీపావళికి జరపాలనుకుంటే మాత్రం పండుగ తరువాతి వారం వద్దు. గుజరాత్‌లో అప్పుడు కొత్త సంవత్సరం సెలవులు, ఉదయ్‌పూర్ వాళ్ళకు పక్క ఊరు. ఘాట్ మెట్ల మీద కూర్చోవడానికి చోటు కూడా వెతుక్కోవాలి.